కళాశాల హాకీ జట్టు వరుసగా ఓడితే తప్పు కోచ్‌దేనా?

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో స్మృతి నగర్ ఒక నివాస ప్రాంతం. ఇక్కడి నుంచి జాతీయ రహదారి పట్టుకుని తూర్పుకు వెళితే రాయ్‌పుర్ వస్తుంది. పడమటికి వెళితే దుర్గ్, దాని తరువాత రాజనందగావ్. హాకీ అభిమానికి ఈ మూడు పేర్లూ మూడు జ్ఞాపకాలు. రాజనందగావ్‌ను హాకీ నర్సరీ అని పిలవడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన రేణుకా యాదవ్ అక్కడి అమ్మాయే. భారత మహిళల జట్టుకు నాయకత్వం వహించిన సబా అంజుమ్‌ది దుర్గ్. 2015లో పద్మశ్రీ అందుకున్న క్రీడాకారుల జాబితాలో మన పి.వి.సింధు పేరుతో పాటు ఆమె పేరూ ఉంది. ఇక రాయ్‌పుర్‌లో 2015 డిసెంబరులో హాకీ వరల్డ్ లీగ్ ఫైనల్ టోర్నీ జరిగినప్పుడు, నెదర్లాండ్స్‌తో 5-5తో సమంగా నిలిచిన మ్యాచ్‌ను షూటౌట్‌లో గెలిచి భారత్ కాంస్యం సాధించింది.

ఇంతటి వారసత్వం ఉన్న చోట కళాశాల జట్టు అంతర్ కళాశాల పోటీల తొలి రౌండ్‌లోనే వెనుదిరిగితే అభిమానికి మనసు మండుతుంది. పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు, ఒకప్పుడు స్టిక్ పట్టిన ఉద్యోగులు మైదానం అంచున నిలబడి అనే మొదటి మాట ‘కోచ్‌ను మార్చాలి’. ఆ కోపం సహజమే. అయితే అది సరైన చిరునామాకు చేరుతోందా అన్నదే ప్రశ్న.

అసలు కళాశాల జట్టుకు కోచ్ ఎవరు?

మన దేశంలో చాలా కళాశాలల్లో హాకీకి ప్రత్యేకంగా శిక్షకుడు ఉండడు. క్రీడాధికారి లేదా ఫిజికల్ డైరెక్టర్ ఒక్కరే ఉంటారు. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్, చదరంగం అన్నీ ఆయన బాధ్యతే. జట్ల ఎంపిక, ప్రయాణ ఏర్పాట్లు, ధ్రువపత్రాల పరిశీలన, బిల్లుల సమర్పణ కూడా ఆయన పనే. అంతర్ కళాశాల పోటీల నుంచి విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పంపే ముందు కొన్ని రోజులు శిబిరం పెడతారు. బయటి నుంచి కోచ్‌ను పిలిస్తే సాధారణంగా ఈ శిబిరం కోసమే పిలుస్తారు. అంటే ఓటమికి జనం వేలెత్తి చూపే వ్యక్తి ఆ ఆటగాళ్లను చూసింది కొద్ది వారాలు మాత్రమే.

పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థను 1961లో స్థాపించారు. శిక్షకులను తయారుచేయడమే దాని ప్రధాన లక్ష్యం. అక్కడ డిప్లొమా చదివి వచ్చిన హాకీ కోచ్ ముందు సాధారణ కళాశాల పెట్టే ఒప్పందం ఎలా ఉంటుందో ఊహించండి: ఏడాదికోసారి కొన్ని వారాల పని, గౌరవ వేతనం, వచ్చే ఏడాది పిలుస్తారో లేదో తెలియదు. ప్రతిభ ఉన్నవాడు అకాడమీకో, రైల్వేలకో, పోలీసు జట్టుకో వెళ్లిపోతాడు. మిగిలినవారిలో మంచివారు లేరని కాదు. అయితే మంచితనం మీద ఆధారపడి నడిచేదాన్ని వ్యవస్థ అనలేం.

మరో చిక్కు కాలానిది. డిగ్రీ విద్యార్థి కళాశాలలో ఉండేది మూడేళ్లు, మహా అయితే నాలుగేళ్లు. మొదటి ఏడాది అలవాటు పడతాడు, రెండో ఏడాది జట్టులో కుదురుకుంటాడు, మూడో ఏడాది ఉద్యోగ పరీక్షల వెంట పడతాడు. వెనుక వరుస ఆటగాళ్లు, గోల్‌కీపర్ ఒకరి ఆట ఒకరికి తెలిసే సరికి వీడ్కోలు సభ వస్తుంది. క్లబ్ జట్టు కోచ్‌కు లేని ఇబ్బంది ఇది.

మైదానం మారింది, ఆట మారింది

‘ఆడలేక మద్దెల ఓడన్నట్లు’ అని మనకో సామెత ఉంది. మైదానం బాగోలేదని చెప్పే కోచ్‌లను అభిమానులు ఈ మాటతోనే ఎత్తిపొడుస్తారు. కానీ మద్దెల నిజంగానే ఓడుదైతే?

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి హాకీని కృత్రిమ మైదానంపై ఆడించారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకంతో తిరిగివచ్చిన భారత్ అప్పుడు ఏడో స్థానంలో నిలిచింది. పచ్చికపై బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది, దాన్ని ఆపి, మచ్చిక చేసుకుని, మణికట్టుతో తిప్పే కళ మనది. టర్ఫ్‌పై బంతి నేరుగా, వేగంగా దూసుకుపోతుంది. అక్కడ పరుగు, పాస్, బలం ముందుకొచ్చాయి. 1990లలో ఆఫ్‌సైడ్ నిబంధన పోయింది. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చే వీలు వచ్చింది. ముప్పై అయిదు నిమిషాల రెండు భాగాల ఆట స్థానంలో పదిహేను నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాయి. ప్రతి మార్పూ శిక్షకుడి పనిని పెంచింది. ఎవరిని ఎప్పుడు బయటికి పిలవాలి, పెనాల్టీ కార్నర్‌కు ఎన్ని రకాల వ్యూహాలు సిద్ధంగా ఉంచాలి, నాలుగో క్వార్టర్‌కు ఊపిరి ఎలా మిగల్చాలి అన్నవి పాతకాలపు పచ్చిక హాకీలో ఇంత తీవ్రంగా ఎదురుకాని ప్రశ్నలు.

కళాశాల విద్యార్థి రోజూ ఆడేది మట్టి మైదానంపై. పోటీ మాత్రం టర్ఫ్‌పై. చెరువులో ఈత నేర్చినవాడిని ప్రవాహంలో దింపి, మునిగితే గురువును తిట్టినట్టు ఉంటుంది ఇది. సింథటిక్ మైదానం వేయడానికి కోట్ల రూపాయలు కావాలి, తరువాత దానిని తడపడానికి నీళ్లు, కొన్నేళ్లకు మార్చడానికి మళ్లీ డబ్బు. ఒక కళాశాల మోయగల భారం కాదు. అందువల్ల ఊళ్లో ఉన్న ఒక్క టర్ఫ్‌పై ఉదయం ఎవరికి, సాయంత్రం ఎవరికి సమయం దొరుకుతుందన్నది కోచ్ ప్రతిభ కంటే ఎక్కువ ప్రభావం చూపగలదు.

ఒక్కరోజు తేడాతో మొదలైన రెండు ఊళ్లు

ఇక్కడ భిలాయివాసులకు ఆసక్తి కలిగించే పోలిక ఒకటి ఉంది. రవుర్కెలా ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 3న ప్రారంభించారు. మరునాడే, ఫిబ్రవరి 4న, భిలాయి ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఒకదానికి పశ్చిమ జర్మనీ సాయం, మరొకదానికి సోవియట్ సాయం. రెండు ఊళ్లకూ దేశం నలుమూలల నుంచి కార్మికులు వచ్చారు. వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

హాకీలో మాత్రం రెండు ఊళ్ల దారులు వేరయ్యాయి. రవుర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే ‘ఖస్సీ’ పోటీలు తరతరాలుగా సాగుతున్నాయి. వాటి మీద పాన్‌పోష్ క్రీడా వసతిగృహం, ఉక్కు సంస్థ సెయిల్ నడిపే హాకీ అకాడమీ తోడయ్యాయి. దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఆ నేల నుంచి వచ్చినవారే. 2023 ప్రపంచకప్ నాటికి అక్కడ ఇరవై వేల మందికి పైగా కూర్చునే బిర్సా ముండా స్టేడియం లేచింది. అదే సెయిల్ భిలాయిలో పెంచిన అకాడమీ అథ్లెటిక్స్‌ది. ఇందులో తప్పేమీ లేదు. ఒక సంస్థ అన్ని చోట్లా అన్ని ఆటలూ పోషించలేదు. ఒక ఊరి హాకీ ఎదిగేది పల్లె పోటీ, వసతిగృహం, అకాడమీ, ఉద్యోగం అనే గొలుసు తెగకుండా ఉంటేనే అని మాత్రం ఈ పోలిక చూపిస్తుంది. ఆ గొలుసులో కళాశాల కోచ్ ఒక లంకె మాత్రమే.

నిజానికి ఆ లంకె పక్కకు తప్పుకుంటోంది కూడా. ఒకప్పుడు విశ్వవిద్యాలయాలే జాతీయ జట్టుకు ఆటగాళ్లను ఇచ్చేవి. 1980 మాస్కో స్వర్ణ జట్టులో ఆడి, 1984లో ఒలింపిక్ జట్టుకు నాయకుడైన జఫర్ ఇక్బాల్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదివారు. నేడు పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడిలో మెరుపు కనిపించగానే అకాడమీ తీసుకుపోతుంది. కళాశాలకు మిగిలేది అకాడమీ వడపోతలో జారిపోయినవారు, లేదా ఆలస్యంగా ఆట మొదలుపెట్టినవారు. పాత ఫలితాలతో పోల్చి నేటి కోచ్‌ను తూకం వేసేవారు ఈ సంగతి మరచిపోతారు.

కోచ్‌ను మారిస్తే ఏమవుతుంది?

జాతీయ జట్టు చరిత్ర ఈ ప్రశ్నకు చక్కటి పాఠ్యగ్రంథం. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ 32 ఏళ్ల తరువాత స్వర్ణం గెలిచింది. ఆ వెంటనే కోచ్ ఎం.కె.కౌశిక్‌ను తప్పించారు. గెలిచినా ఉద్వాసనే! 2008 మార్చిలో చిలీ రాజధాని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, ఎనభై ఏళ్లలో తొలిసారి భారత్ ఒలింపిక్స్‌కు దూరమైంది. కోచ్ జోక్విమ్ కార్వాలో రాజీనామా చేశారు. అభిమానుల ఆగ్రహం అప్పుడు కోచ్ దగ్గర ఆగలేదు, సమాఖ్య పాలకుల వరకూ వెళ్లింది. కొద్ది వారాల్లో భారత ఒలింపిక్ సంఘం ఆ సమాఖ్యను సస్పెండ్ చేసింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో చివరి స్థానం తరువాత వచ్చిన ఏళ్లు మరీ విచిత్రం. మైకేల్ నాబ్స్, టెర్రీ వాల్ష్, పాల్ వాన్ ఆస్, రోలంట్ ఓల్ట్‌మన్స్, షోర్డ్ మరీన్, హరేంద్ర సింగ్ - 2013 జులై నుంచి 2019 జనవరి మధ్య ఆరుగురు పురుషుల జట్టు బాధ్యత నుంచి వైదొలిగారు లేదా తప్పించబడ్డారు. తరువాత వచ్చిన గ్రాహం రీడ్‌కు దాదాపు నాలుగేళ్లు దక్కాయి. ఆ కాలంలోనే, టోక్యోలో, 41 ఏళ్ల విరామం తరువాత ఒలింపిక్ పతకం వచ్చింది. 2023 ప్రపంచకప్‌లో జట్టు క్వార్టర్ ఫైనల్ కూడా చేరకపోవడంతో ఆయనా రాజీనామా చేశారు.

వీరిలో మరీన్ కథ ప్రత్యేకం. 2018 కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంటే ఆయనను తప్పించి మహిళల జట్టుకు పంపారు. అదే నాలుగో స్థానాన్ని మహిళల జట్టు టోక్యో ఒలింపిక్స్‌లో సాధించినప్పుడు దేశమంతా ఆయనను మెచ్చుకుంది. కోచ్ అదే, అంకె అదే. మారింది జట్టు, అంచనా.

హాకీకి బయట ఈ అంశంపై జరిగిన పరిశోధనలూ ఇదే దిక్కు చూపుతున్నాయి. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ తమ దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మార్పులను పరిశీలించారు. కోచ్‌ను తొలగించాక ఫలితాలు మెరుగుపడిన మాట నిజమే. అయితే అంతే అధ్వానంగా ఆడుతూ కోచ్‌ను మార్చని జట్లూ దాదాపు అలాగే కోలుకున్నాయి. లోతుకు పడిన బంతి ఎలాగూ పైకి లేస్తుంది, ఆ సమయంలో కొత్తగా వచ్చినవాడికి ఖ్యాతి దక్కుతుంది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌పై స్కాట్ అడ్లర్, మైకేల్ బెర్రీ, డేవిడ్ డోహర్టీ 2013లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. మరీ బలహీనమైన జట్లలో కోచ్ మార్పు వల్ల పెద్ద తేడా రాలేదు. మధ్యస్థంగా ఉన్న జట్లలోనైతే మార్చిన తరువాత పరిస్థితి ఇంకా దిగజారింది. ఆ దేశంలో కళాశాల కోచ్‌లకు కోట్లలో జీతాలు, పూర్తికాలపు సిబ్బంది ఉంటారు. అక్కడే ఇలా ఉంటే, కొన్ని వారాల శిబిరం నడిపే మన కోచ్ మార్పుతో ఎంత మారుతుంది?

అయితే కోచ్‌ను ప్రశ్నించకూడదా?

ప్రశ్నించాలి. కోచ్‌దే తప్పైన సందర్భాలు లేవనడం అభిమానిని అవమానించడమే. స్కోరు చూసి కాక ఆట చూసి అడిగితే ఆ ప్రశ్నకు బలం ఉంటుంది. జట్టు ప్రతిసారీ చివరి క్వార్టర్‌లోనే కుప్పకూలుతుంటే అది దేహదారుఢ్య శిక్షణ లోపం, ఆటగాళ్లను మార్చే తీరులో లోపం. పెనాల్టీ కార్నర్లు వచ్చి కూడా గోల్ రాకపోతే సాధన జరగలేదని అర్థం. మొదటి ఏడాది విద్యార్థులు ఏడాదంతా బెంచీపైనే కూర్చుని, రెండో ఏడాదికి ఆట మానేస్తుంటే అది అన్నిటికన్నా ప్రమాదకర సంకేతం. మైదానంలో తప్పు చేసిన పిల్లవాడు వెంటనే బెంచీ వైపు భయంగా చూస్తున్నాడా, సహచరుడి వైపు చూస్తున్నాడా అన్నది కూడా అనుభవం ఉన్న ప్రేక్షకుడు ఇట్టే పసిగట్టగలడు. ఎంపికలో పక్షపాతం, దురుసు మాట, వేధింపు వంటివైతే ఫలితాలతో పని లేదు. గెలిపిస్తున్న కోచ్ అయినా జవాబు చెప్పాల్సిందే.

మిగతా ప్రశ్నలు అడగాల్సింది కార్యాలయాన్ని. విద్యార్థి కట్టే రుసుములో క్రీడల భాగం ఎంత, అందులో హాకీకి ఎంత వెళ్లింది? ఏడాదిలో ఎన్ని రోజులు టర్ఫ్‌పై సాధన జరిగింది? శిబిరం పోటీలకు ఎన్ని రోజుల ముందు మొదలైంది? కోచ్‌తో ఒప్పందం ఎంత కాలానికి? పాత గోల్‌కీపర్ కిట్టు ఎప్పుడు కొన్నారు? గోల్‌కీపర్ కిట్టు చిన్న విషయమని కొట్టిపారేయవద్దు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి భారత జట్టు గోల్‌పోస్టు దాకా వెళ్లిన ఎతిమరపు రజని వంటివారు తయారయ్యేది ఎవరో ఒకరు ఆ కిట్టు సరిగ్గా ఇచ్చినప్పుడే.

ప్రభుత్వ కళాశాలలు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2005 నాటి సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి. పై ప్రశ్నలను తెల్లకాగితంపై రాసి ప్రజా సమాచార అధికారికి ఇస్తే, సాధారణంగా ముప్పై రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలి.