లైబ్రరీ కంప్యూటర్‌లో ఎర్రర్.. అసలు తప్పు ఎక్కడ?

డిగ్రీ అయిపోయింది. టీసీ కావాలంటే ముందు లైబ్రరీ నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కౌంటర్‌లోని ఉద్యోగి విద్యార్థి పేరు తొలగిద్దామని బటన్ నొక్కితే, తెరపై '1451' అనే నంబరు, పక్కనే పొడవాటి ఇంగ్లిష్ వాక్యం. "సాఫ్ట్‌వేర్ పాడైంది, రేపు రండి" అంటారు. నిజానికి పాడైంది ఏమీ లేదు. ఆ విద్యార్థి పేరు మీద ఇంకో పుస్తకం ఉంది, అంతే!

అసలేం జరుగుతుంది?

లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వెనకాల డేటాబేస్ అనే పెద్ద రిజిస్టర్ ఉంటుంది. మన దేశంలో చాలా కాలేజీలు వాడే 'కోహా'నే తీసుకుందాం. 2000లో న్యూజిలాండ్‌లో తొలిసారి వాడుకలోకి వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పేరుకు అక్కడి మావోరీ భాషలో 'కానుక' అని అర్థం. ఇది వివరాలను మై ఎస్‌క్యూఎల్ లేదా మరియా డీబీలో దాస్తుంది.

ఆ రిజిస్టర్‌కు కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. ఒకే బార్‌కోడ్ రెండు పుస్తకాలకు ఇస్తే ఒప్పుకోదు, 1062 ఎర్రర్ వస్తుంది. పుస్తకం తిరిగివ్వని సభ్యుడి పేరు తీసేయబోతే 1451 వస్తుంది. అంటే ఎర్రర్ వచ్చిందంటే కాపలా సరిగ్గా పనిచేస్తోందనే లెక్క. చిక్కంతా దాన్ని చెప్పే తీరులోనే ఉంది.

ఎలా చెప్పాలి?

మంచి ఎర్రర్ సందేశంలో మూడు విషయాలు ఉండాలి. ఏం జరిగింది, వివరాలు సేవ్ అయ్యాయా లేదా, ఇప్పుడేం చేయాలి. "ఈ బార్‌కోడ్ ఇప్పటికే మరో పుస్తకానికి ఉంది. సేవ్ కాలేదు. అంకెలు సరిచూసి మళ్లీ కొట్టండి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. డేటాబేస్ ఇచ్చిన ఎర్రర్‌ను పట్టుకుని, అది ఏ రకమో విడదీసే ఏర్పాటు కోహా కోడ్‌లోనే ఉంది.

అలాగని లోపలి వివరాలన్నీ తెరపై పెట్టేయకూడదు. టేబుళ్ల పేర్లు బయటపడితే హ్యాకర్ల పని తేలికవుతుంది. అందుకే పూర్తి వివరాలు లాగ్ ఫైల్‌లోకి వెళ్లాలి. తెరపై మామూలు మాటలు, ఫిర్యాదుకు ఒక నంబరు ఉంటే చాలు.

అన్నిటికంటే ప్రమాదం ఏమీ చెప్పకపోవడం. సేవ్ కాకపోయినా తెర మౌనంగా ఉంటే, తిరిగిచ్చిన పుస్తకం విద్యార్థి ఖాతాలోనే మిగిలిపోతుంది. జరిమానా పెరుగుతూ పోతుంది. "ఇచ్చేశాను సార్" అన్నా రుజువు ఉండదు.

పిల్లలకు ఏం చెప్పాలి?

పుస్తకం ఇచ్చాక తమ పేరు మీద నుంచి పోయిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోమనండి. రసీదు ఉంటే దాచుకోమనండి. ఎర్రర్ వస్తే ఆ నంబరు, తేదీ రాసుకోమనండి. "రేపు రండి" అన్నప్పుడు ఆ నంబరు ఇంజినీరుకు చూపిస్తే, అడ్డం ఎక్కడుందో త్వరగా తేలుతుంది.