బిందె ఎత్తవచ్చునా?

మా సంఘంలో ఒక సహోదరికి రొమ్ము క్యాన్సరు ఆపరేషన్ జరిగి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తారు గాని, ఆపరేషన్ అయిన వైపు చేతిని ఒడిలోంచి తీయరు. బిందె ఎత్తరు, మనవడిని ఎత్తుకోరు. "చెయ్యి వాస్తుందమ్మా, బరువు ముట్టుకోకు" అన్న మాట ఆమెను కట్టివేసింది. ఆ మాట చెప్పినవారిలో మేమూ ఉన్నాము.

ఆ భయం వట్టిది కాదు. చంకలోని గ్రంథులు తీసివేస్తే కొందరికి చేతిలో నీరు నిలిచి వాపు వస్తుంది. అందుకని చేతిని కదపకుండా దాచిపెట్టడమే పొరపాటు. 1996లో కెనడాలోని వాంకూవరులో డాక్టర్ డాన్ మెకెంజీ ఇటువంటి 24 మంది స్త్రీలకు శిక్షణ ఇచ్చి పడవలో తెడ్లు వేయించారు. కొత్తగా ఎవరికీ చెయ్యి వాయలేదు. ఆ తరువాత అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే చెయ్యి వాచిన 141 మందిని పరిశీలించింది. సగం మంది చేతికి బిగుతు తొడుగు వేసుకొని, వారానికి రెండుసార్లు, కొద్ది బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఏడాది సాధన చేశారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. వాపు బాధ ముదిరినది సాధన చేసినవారిలో 14 శాతం మందికి, చేయనివారిలో 29 శాతం మందికి!

గమనించండి, ఈ సాధన జరిగింది ఆసుపత్రిలో కాదు, ఊరివారందరూ వచ్చే వ్యాయామశాలల్లో. 2007లో లైవ్‌స్ట్రాంగ్ అనే క్యాన్సరు సంస్థ అమెరికాలోని వై.ఎం.సి.ఎ.తో చేతులు కలిపింది. క్యాన్సరు నుండి కోలుకున్నవారు చిన్న గుంపులుగా కలిసి 12 వారాలు వ్యాయామం చేసే ఏర్పాటు అలా మొదలైంది. 1844లో లండనులో కొందరు దుకాణపు పనివారు ప్రార్థనకు కూడుకోగా పుట్టిన సంస్థ ఈ వై.ఎం.సి.ఎ.

మన పల్లెల్లో వ్యాయామశాలలు ఎక్కడివి? పైగా ఆడమనిషి ఒంటరిగా నడకకు బయలుదేరితే "పనీ పాటా లేదా?" అంటారు. నలుగురు కలిసి వెళితే ఆ మాట అనరు. డాక్టరు ఎలాగూ "నడవండి" అనే చెబుతారు, తోడు రావలసింది మనమే. అందుకే మా స్త్రీల సమాజం బుధవారం కూటానికి ముందు చెరువు కట్ట మీద అరగంట నడవాలని నిర్ణయించింది. ముందుగా ఆ సహోదరిని డాక్టరు గారికి చూపించాము. చేతిని మెల్లగా పైకెత్తే కసరత్తు నేర్పి, వాపు గాని ఎరుపు గాని కనిపిస్తే ఆపి వెంటనే రమ్మన్నారు.

మొదటి వారం కట్ట సగం వరకే నడిచారు. మూడో వారం మనవడి చెయ్యి పట్టుకొని వచ్చారు. "బిందె సంగతి ఈసారి డాక్టరు గారిని నేనే అడుగుతాను" అన్నారు.