నాపరాళ్ల దారిలో ఓ ఆదివారం

కర్నూలులో కారెక్కి నంద్యాల రోడ్డు పట్టినవాళ్ల చూపంతా మహానంది మీదో, అహోబిలం మీదో ఉంటుంది. మధ్యలో ఏముందని అడిగితే ‘ఏముంది, రాళ్లూ రప్పలూ’ అంటారు. నిజమే, ఈ ప్రయాణం ఆ రాళ్లూ రప్పల కోసమే. పొద్దున్నే బయల్దేరి ఓర్వకల్లు, బనగానపల్లె, యాగంటి, అవుకు మీదుగా బెలుం గుహలు చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు.

ముందు కడుపు సంగతి. ఊరు దాటకముందే ఉగ్గాని బజ్జీ తినాలి. బొరుగుల్ని నీళ్లలో తడిపి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాలపొడి చల్లుతారు. తడి ఎక్కువైతే ముద్దవుతుంది, తక్కువైతే గొంతు దిగదు. పక్కన పొగలు కక్కే మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గాని కాదు. ఏ హోటల్లో తినాలో బోర్డు చూసి తేల్చుకోకండి. ఆటోవాళ్లు ఎక్కడ గుమిగూడితే అక్కడ ఆగండి.

ఓర్వకల్లు 20 కిలోమీటర్లకు అటూఇటూ. రాక్ గార్డెన్ హైవేను ఆనుకునే ఉంటుంది. నీటిగుంట చుట్టూ ఎవరో తీరిగ్గా పేర్చిపెట్టినట్టు నిలబడిన బండలు. గంటసేపు చాలు. అదీ పొద్దున తొమ్మిదిలోపే, ఎండెక్కితే ఆ బండల మీద కాలు పెట్టలేం.

పాణ్యం దగ్గర హైవే వదిలి కుడికి తిరిగితే బనగానపల్లె. ఈ ఊరి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ చుట్టూ బ్రిటిష్ వాళ్ల జిల్లా ఉండగా ఇది నవాబుల చిన్న సంస్థానమనీ, 1948 దాకా విడిగా నడిచిందనీ మామిడిపండు తినేవాళ్లలో ఎంతమందికి తెలుసు? యాగంటి దారిలో గుట్ట మీద ఆ నవాబుల బంగ్లా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ‘నవాబు బంగ్లా ఎక్కడ’ అంటే దారినపోయేవాళ్లు కాస్త ఆలోచిస్తారేమో గానీ, ‘అరుంధతి కోట’ అంటే ఠక్కున చెయ్యి చూపిస్తారు. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాలో కనిపించే కోట ఇదే. తరాల నవాబులు సంపాదించుకోలేని పేరు ఒక్క సినిమా తెచ్చిపెట్టింది!

యాగంటిలో చాలామంది బసవన్న కోసమే వస్తారు. ఈ నంది ఏటా పెరుగుతోందని, కలియుగాంతాన లేచి రంకె వేస్తుందని నమ్మకం. ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు నందికీ మండపం స్తంభాలకూ మధ్య మనిషి దూరడమే కష్టం. నమ్మకం మాట అలా ఉంచి, నాకు మాత్రం ఇక్కడ కోనేరే ముఖ్యం. కొండ పగుళ్లలోంచి ఊరిన నీరు నంది నోట్లోంచి సన్నటి ధారగా పడుతూనే ఉంటుంది. మెట్ల మీద కూర్చుని పాదాలు తడుపుకుంటే ఎండ సంగతే గుర్తుండదు. ఈ క్షేత్రంలో కాకి వాలదని, అది అగస్త్యుడి శాపమని కథ. పిల్లల్ని తీసుకెళితే కాకిని వెతికే పని వాళ్లకు అప్పగించండి, కాసేపు మిమ్మల్ని విసిగించరు.

బనగానపల్లె దాటి అవుకు రోడ్డెక్కాక ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. చేలకు కంపకు బదులు నిలువుగా పాతిన నాపరాళ్ల కంచె. ఇంటి గోడ నాపరాయి, కప్పు నాపరాయి, అరుగు నాపరాయి, టీకొట్టు బల్ల నాపరాయి, బట్టలుతికే బండా నాపరాయే. గనిలో ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొరల సందున ఉలి పెట్టి కొడితే పలకలా లేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరపడేకొద్దీ పాలిషింగ్ ఫ్యాక్టరీలు, వాటి పక్కన తెల్లటి బురద గుట్టలు కనిపిస్తాయి. మన వంటింటి గట్టు మీద మెరిసే రాయి వెనక ఆ బురద కూడా ఉంది.

అవుకు జలాశయం కట్ట మీద టీ తాగేంతసేపు ఆగితే చాలు. అక్కడున్నవి పోతిరెడ్డిపాడు నుంచి కాలువల వెంట వచ్చిన కృష్ణమ్మ నీళ్లు.

ఇక బెలుం. దూరం నుంచి చూస్తే కొండా లేదు, కోనా లేదు, చదునైన పొలంలో బావుల్లాంటి గోతులు మాత్రమే. దారి పొడవునా కంచెలుగా చూసిన ఆ సున్నపురాయి లోపలికే ఇప్పుడు దిగుతాం. గాలిలోనూ మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని వాన నీరు కాస్త పులుపెక్కుతుంది. అది లక్షల ఏళ్లపాటు ఈ రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోయింది. గుహల పొడవు 3,229 మీటర్లు. మనల్ని తిరగనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1980ల మొదట్లో గుహల పరిశోధకుడు గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా గాలించింది. జనానికి తలుపు తెరిచింది మాత్రం 2002లో.

లోపల చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. గొట్టాలతో గాలి పంపుతున్నా ఉక్క ఉక్కే. కళ్లద్దాలు మసకబారతాయి, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. కోటిలింగాల దగ్గర పైనుంచి దిగిన రాతి ఊడలు నిజంగానే లింగాల గుంపులా ఉంటాయి. సప్తస్వరాల గుహలో ఊడల్ని తడితే మోగుతాయి. తట్టకండి, ఆ ఊడ వేలెడు పెరగడానికి ఎన్నో తరాలు పడుతుంది. చివర పాతాళగంగ, నేలకు 150 అడుగుల లోతున. నీటిచప్పుడు వినబడే ఆ మూల దాకా వెళ్లకుండా వెనుదిరిగితే టికెట్ డబ్బులు దండగ.

బెలుం దాకా వచ్చాం కదా, గండికోట కూడా చూసేద్దామని మీ కారులో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. గండికోట పక్కనున్న పెన్నా లోయకు ఒక పూట పూర్తిగా ఇవ్వాలి, పరుగులు తీస్తూ చూసేది కాదది. గుహల కౌంటర్ సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి మూడు గంటలలోపు అక్కడుండేలా చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మెట్ల సంగతి ముందే చెప్పండి. మనిషికో నీళ్ల సీసా, జారని చెప్పులు మరవకండి.