అట్ట మీద ఎవరి పేరు?

మీ ఇంట్లో పాత పాటల కేసెట్లు ఇంకా ఉన్నాయా? మా కళింగపట్నం ఉప్పుగాలికి టేపులు పాడైపోయినా అట్టలు మిగిలాయి. హీరో బొమ్మ పెద్దగా, కింద సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ల పేర్లు. ఆ కీబోర్డు వాయించినదెవరో చాలా అట్టల మీద కనపడదు.

కరెంటుతో పలికే ఈ సంగీతం కొత్తగా పుట్టిన రోజుల్లో విదేశాల్లో అట్టల కథ ఇంకా చిత్రం. 1968లో అమెరికాలో 'స్విచ్డ్ ఆన్ బాక్' అనే ఎల్పీ రికార్డు వచ్చింది. జర్మన్ విద్వాంసుడు బాక్ రచనల్ని వెండీ కార్లోస్ మూగ్ సింథసైజర్ మీద వాయించారు. ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. ఒక్కో వరసా విడిగా టేపుకెక్కించి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. నెలల తరబడి చాకిరీ. తీరా అట్ట మీద ఆమె బొమ్మే లేదు! విగ్గు పెట్టి బాక్ వేషం కట్టిన మగాయన ఒకరు యంత్రం ముందు కూర్చుని, చెవిలో ఏదో వింత మోత పడ్డట్టు వెకిలి మొహం పెట్టాడు. పైగా ఆయన హెడ్‌ఫోన్ తీగని శబ్దం బయటికొచ్చే చోట కాక లోపలికెళ్లే చోట గుచ్చారు. ప్లగ్గు పెట్టని మిక్సీలో పచ్చడి రుబ్బుతున్నట్టన్నమాట! కార్లోస్, నిర్మాత రేచల్ ఎల్కిండ్ ఇది మా పనికి అవమానమని పట్టుబట్టి అట్ట మార్పించారు. కొత్త అట్టలో బాక్ గారు బుద్ధిగా నిలబడ్డారు. రికార్డుకి మూడు గ్రామీలొచ్చాయి.

దాని మీద అచ్చయిన పేరు మాత్రం వాల్టర్ కార్లోస్. మగపిల్లవాడిగా పెరిగిన ఆమె తాను స్త్రీనని 1979లో లోకానికి చెప్పారు. 1980లో వచ్చిన 'స్విచ్డ్ ఆన్ బ్రాండెన్‌బర్గ్స్' మీద గానీ వెండీ అన్న పేరు పడలేదు.

ఇంగ్లండులో డెలియా డెర్బీషైర్‌ది మరో తీరు. 1963లో బీబీసీ 'డాక్టర్ హూ' సీరియల్‌కి రాన్ గ్రైనర్ కట్టిన బాణీని ఆమె యంత్రాల మీద పలికించారు. సింథసైజర్ లేదు. ఒక్కో స్వరం టేపు మీద పట్టి, బ్లేడుతో కోసి, మొగ్గలు మాల కట్టినట్టు ముక్కా ముక్కా అతికించారు. ఆదాయంలో ఆమెకి వాటా ఇవ్వాలని గ్రైనర్ అనుకున్నా బీబీసీ నిబంధనలు ఒప్పుకోలేదు. ఉద్యోగులకి విడిగా పేరు వేసే ఆనవాయితీ లేదట! 1969లో బయటి కంపెనీకి చేసిన రికార్డు మీద 'లీ డి లా రూస్' అని మారుపేరు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ సీరియల్లో తెర మీద ఆమె పేరు తొలిసారి పడింది 2013లో, యాభై ఏళ్ల పండుగకి. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.