మీకు తెలుసా? ఆఫ్రో-కరీబియన్లలో కీళ్లవాతం తక్కువే!

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం అన్ని జాతులవారికీ ఒకే స్థాయిలో రాదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నగరం నడిబొడ్డున చేసిన సర్వే ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అక్కడి తెల్లజాతివారిలో వెయ్యికి సుమారు 8 మందికి ఈ జబ్బు ఉంటే, అవే పేటల్లో ఉంటున్న ఆఫ్రో-కరీబియన్లలో (కరీబియన్ దీవులకు చెందిన ఆఫ్రికా మూలాలవారిలో) 3 మందికే కనిపించింది. ఊరు ఒకటే, వాతావరణం ఒకటే. మరి ఇంత తేడా ఎందుకు?

ఈ జబ్బు ముప్పును పెంచే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులోని కొన్ని రకాలు ఆఫ్రికా మూలాలవారిలో తక్కువ. నైజీరియా పల్లెల్లో సుమారు రెండు వేల మందిని పరీక్షిస్తే ఒక్క కేసూ దొరకలేదు! అయితే 1960లలో కరీబియన్ దీవి జమైకా పల్లెల్లో చేసిన సర్వేలో మాత్రం ఈ జబ్బు బాగానే కనిపించింది. కాబట్టి అంతా జన్యువుల చలవే అనలేం. పొగతాగడం ఎలాగూ ముప్పు పెంచేదే.

ఇంకో సంగతి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లాగే రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే మరో జబ్బు లూపస్. అది ఆఫ్రో-కరీబియన్ స్త్రీలలో తెల్లజాతి స్త్రీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందులోనూ కీళ్లు నొప్పెడతాయి.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ తక్కువమందికి వస్తుందంటే అసలు రాదని కాదు. పొద్దున లేవగానే వేళ్ల కణుపులు బిగుసుకుపోయి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా గంటసేపు ఆగాల్సి వస్తోందా? మీరు ఏ జాతివారైనా సరే, ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టును కలవండి.