కొడవలి కణ వ్యాధి – ఊపిరితిత్తుల రక్తపోటు

మీలో కొయ్యూరు, చింతపల్లి, పాడేరు వైపు నుంచి చదువుతున్నవారికి సికిల్ సెల్ అనే మాట కొత్త కాదు. తూర్పు కనుమల గిరిజన కుటుంబాల్లో ఈ వంశపారంపర్య వ్యాధి కనిపిస్తుంది. రోగి గుట్ట ఎక్కుతూ ఆయాసపడితే ఇంట్లోవాళ్లు 'ఒంట్లో రక్తం తక్కువ' అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కొందరిలో మాత్రం ఊపిరితిత్తుల రక్తపోటు కూడా తోడవుతుంది.

చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. గుండె కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే పుపుస ధమనిలో సగటు పీడనం విశ్రాంతిలో సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. అది 20 దాటితే ఊపిరితిత్తుల రక్తపోటు అంటాం. 2018కి ముందు ఈ హద్దు 25. నాళాలు ఇరుకైన కొద్దీ కుడి జఠరిక మరింత బలంగా నెట్టాలి; చివరికి అది అలసిపోతుంది. కొండ ప్రాంతం కాబట్టి ఎత్తే కారణమని అనుకోకండి. ఎత్తు వల్ల వచ్చే రకం సాధారణంగా 2,500 మీటర్లకు పైన నివసించేవారిలో కనిపిస్తుంది. మన రాష్ట్రంలో తూర్పు కనుమల శిఖరాలు 1,700 మీటర్లు కూడా దాటవు.

మరి కారణమేమిటి? మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అలా చితికినప్పుడు బయటపడిన హీమోగ్లోబిన్ ప్లాస్మాలో కలిసి, రక్తనాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది. దాంతో నాళాలు బిగుసుకుంటాయి. ప్రయోగశాల ఇచ్చిన వివరణలో ప్రధానాంశం ఇదే.

ఇక రోగులపై జరిగిన అధ్యయనాలు చూద్దాం. 2004లో అమెరికాలో 195 మంది రోగులకు గుండె స్కానింగ్, అంటే ఎకో పరీక్ష చేయగా, 32 శాతం మందిలో పీడనం పెరిగిన సూచనలు కనిపించాయి. మరణాల ముప్పు కూడా వారిలోనే ఎక్కువగా తేలింది. ఈ అంకె చాలామందిని కలవరపెట్టింది. 2011లో ప్రచురితమైన ఫ్రాన్స్ అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. 398 మందిలో ఎకో 27 శాతం మందిని అనుమానితులుగా చూపగా, సన్నని గొట్టాన్ని గుండె కుడి భాగం గుండా పంపి పీడనాన్ని నేరుగా కొలిచినప్పుడు వ్యాధి నిర్ధారణ అయినవారు 6 శాతమే. ఎకో అబద్ధం చెప్పలేదు. అది పీడనాన్ని అంచనా వేస్తుందే తప్ప కొలవదు.

నైట్రిక్ ఆక్సైడ్ కొరవడితే దాని ప్రభావాన్ని నిలిపే సిల్డెనాఫిల్ ఇస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. పరిశోధకులకూ అలాగే తోచింది. 74 మందితో సాగిన ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. తీవ్రమైన నొప్పితో ఆసుపత్రిలో చేరినవారు మందు తీసుకున్నవారిలో 35 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 14 శాతం. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసిన ఫలితం ఇది. ప్రయోగశాలలో కుదిరిన తర్కం రోగి శరీరంలో ఎదురు తిరిగింది.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు వారిలో 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో వాడే సాల్యుబిలిటీ పరీక్ష లోపమున్న హీమోగ్లోబిన్ ఉందో లేదో చెబుతుంది. ఆ వ్యక్తి రోగా, కేవలం వాహకుడా అన్నది హెచ్‌పీఎల్‌సీ వంటి పరీక్షతో తేలాలి. పుపుస ధమని సంగతి ఈ రెండూ చెప్పవు. వ్యాధి ఉందని తేలిన వ్యక్తికి ఆయాసం పెరుగుతున్నా, కాళ్లు వాస్తున్నా ఎకో చేయించాలి. కొయ్యూరు నుంచి అందుకోసం ఘాట్ దిగి వెళ్లాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. అయినా ఆ ప్రయాణాన్ని వాయిదా వేయకూడదు.

అభ్యాసం: ఫ్రాన్స్ అధ్యయనంలో 27, 6 శాతాల మధ్య తేడా ఎందుకు వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాయండి.