దాది జీతము

హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు రహదారి మీద, డిచ్‌పల్లి దాటి ఆర్మూరు ఇంకను చేరకమునుపు, జక్రాన్‌పల్లి వచ్చును. పసుపు చేలును మొక్కజొన్న చేలును గల ఈ పరిసరములలో ఏ వాడకట్టుకు పోయినను, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీలు కనబడుదురు. ప్రక్కనే ఉయ్యాలలో బిడ్డ నిదురించుచుండును. ఆ ఉయ్యాల త్రాటిని లాగుచుండునది అమ్మమ్మయో బాపమ్మయో. ఇంటి మగవాడు దుబాయికో మస్కటుకో పోయి ఏండ్లు గడచినను బిడ్డలు పెరుగుచున్నారనిన, అది ఈ ముసలి చేతుల చలువ. ఈ పెంపకమునకు జీతమను మాటయే మనకు తోచదు.

పట్టణములో స్థితి వేరు. డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయమును, నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాలయు వెలసినవి. ఇట్టి సంస్థలలో ఉద్యోగములకై తల్లిదండ్రులను అత్తమామలను దూరపు జిల్లాలలో విడిచివచ్చి కాపురము పెట్టిన దంపతులకు ఉయ్యాల త్రాడు లాగు బాపమ్మ లేదు. 2017 నుండి చట్టము 26 వారముల ప్రసూతి సెలవు నిచ్చుచున్నది. అది తీరునాటికి బిడ్డకు ఆరు నెలలు. అప్పుడు వారు తెలిసినవారినెల్ల అడుగు మాట ఒక్కటే: “ఇంట్లనే ఉండి పిల్లను సూసుకునే మనిషి దొరుకుతదా?”

ఈ మనిషికి మన భాషలో పేర్లకు కొదువ లేదు. సంస్కృతపు ధాత్రి నుండి వచ్చిన దాది యున్నది. పోర్చుగీసువారి నోట ఓడరేవులలో దిగి దేశమంతట వ్యాపించి, నేడు అంగన్‌వాడీలో పిల్లల మూతి తుడుచు స్త్రీకి పేరైన ఆయా యున్నది. పేర్లున్నవి గాని లెక్క లేకపోయినది. ఆంగ్లదొరల బిడ్డలను ఓడలో సాకుచు లండను వరకు పోయిన ఆయాలలో కొందరిని, తిరుగు ప్రయాణమునకు చార్జీయైన ఈయక విడిచిపెట్టిన యజమానులుండిరి; అట్టి నిరాశ్రయులకై అచ్చటి హాక్నీ పేటలో ఆయాల గృహమొకటి నడచెను. 2022లో ఆ యింటి గోడకు స్మారక ఫలకము నమర్చిరి. అంతదూరమేల? మన తెలంగాణపు గడీలలో దొరబిడ్డ అత్తవారింటికి పోవునపుడు సారెతోపాటు వెంట పంపబడిన ఆడబాప, ఆ యింట ఊడిగము చేయుటయే గాని జీతమను మాట ఎరుగదు. ఆ ఆచారము పోయినది. “తిండి పెట్టి, బట్ట ఇచ్చి, ఇంటి మనిషివలె చూచుకొంటిమి గదా” యను మాట మాత్రము పోలేదు. ఇంటనుండు దాదికి జరుగు అన్యాయమునకు మూలము ఈ మాటయేయని నా దృఢవిశ్వాసము.

ఇంటిలో జరుగు పనికి లెక్క కట్టుట అసాధ్యమనువారు ఒకమారు జక్రాన్‌పల్లి వాడకట్టుకు రావలెను. బీడీ చుట్టుట గడప లోపల జరుగు పని. అయినను 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టు స్త్రీని సైతము కార్మికురాలిగా గుర్తించినది. వేయి బీడీలకు ఇంత యని కూలి, పి.ఎఫ్. ఖాతా, ఆ ఖాతా ఆధారముగా రాష్ట్ర ప్రభుత్వమిచ్చు నెలసరి జీవనభృతి: ఇవి చాలునని ఎవరును అనరు, కాని ఆమె పని పుస్తకమునకెక్కినది. ఆమె చెల్లెలే నగరమునకు పోయి పరుల బిడ్డను ఎత్తుకొన్నచో ఆ పని ఏ పుస్తకమునకును ఎక్కదు. బీడీలను వేలలో లెక్కింపవచ్చును. బిడ్డను ఎన్నిమారులు ఊరడించినదో ఎవరు లెక్కింతురు? కావున ఇచ్చట లెక్కింపవలసినది గంటలను.

ఒక దినమును నిదానముగా చూడుడు. ఉదయము ఆరింటికి పాలసీసాలు మరిగించుటతో ఆరంభమై, నలుగు, స్నానము, ఉగ్గు, జోల, ఉతుకు, సాయంకాలము చంకనెత్తుకొని తిప్పుట, మరల ఉగ్గు, రాత్రి తొమ్మిదింటికి నిద్రపుచ్చుట వరకు సాగు ఆ దినములో, బిడ్డ నిదురించిన మూడు గంటలు తీసివేసినను పన్నెండు గంటల పని యున్నది. రాత్రి రెండింటికి బిడ్డ లేచినచో ఆమెయు లేచును. పగటిపని చేసి పోవు మనిషికి గడప దాటుటయే విశ్రాంతికి గుర్తు. ఇంటనుండు దాదికి దాటుటకు గడప లేదు. ఎనిమిది గంటల పనికి 500 రూపాయలు న్యాయమని ఒక కుటుంబము ఒప్పుకొన్నదనుకొందము. ఇది ఉదాహరణ మాత్రమే. అనగా గంటకు 62 రూపాయల 50 పైసలు. పైనున్న నాలుగు గంటలకు ఓవర్‌టైము పద్ధతిని రెట్టింపు కట్టినచో మరి 500. దినమునకు వేయి, 26 దినములకు 26,000. ఈ మొత్తము చూచి ఉలికిపడువారు తగ్గింపవలసినది జీతమును గాదు, గంటలను. సాయంకాలము ఇల్లు చేరిన తల్లిదండ్రులు బిడ్డను తామెత్తుకొనవలెను. అటుపిమ్మట ఆమె తన గది తలుపు మూసికొనుటకు హక్కుండవలెను. తిండికని, గదికని జీతములో కోత పెట్టరాదు. రాత్రులందు ఆమె మనయింట నుండుట మన అవసరమేగాని ఆమె విలాసము గాదు.

ఈ గంటలు, సెలవులు, జీతమిచ్చు తేదీ, పని మానునపుడు ఇరువురును ఇయ్యవలసిన నెల నోటీసు, అన్నియు తెలుగులో ఒక కాగితము మీద వ్రాసి, ఆమెకు చదివి వినిపించి, ఒక ప్రతి ఆమెకే ఈయవలెను. జీతము భర్త చేతికిగాని ఏజెంటు చేతికిగాని పోక ఆమె ఖాతాలోనే పడవలెను. మనిషిని కుదిర్చినందుకు ఏజెన్సీవారు నెల జీతమంత సొమ్ము కమిషనుగా పుచ్చుకొను వాడుక కలదు. అది యజమాని భారము, ఆమె జీతమునుండి విరుచుకొనదగినది గాదు. ఆధార్ నకలు తీసికొని అసలు తిరిగి ఇచ్చివేయుడు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లను, ఎంత పేదరికము చెప్పుకొన్నను, ఈ పనికి ఉంచకుడు. పసిబిడ్డ ప్రాణము మరియొక బిడ్డ చేతిలో పెట్టదగదు. ఇక మొదటి వారము తల్లి ఇంటనుండి, బిడ్డ అలవాట్లను ఆమెకు చూపుట ఉభయులకును క్షేమము.

ఇట్టి నియమములను చట్టముగా వ్రాసికొన్న దేశములు లేకపోలేదు. అరబ్బు దేశములలో ఇంటిపని చేయు తెలుగు స్త్రీలలో అధికులు గోదావరి, కడప జిల్లాలవారు. నిజామాబాదు నుండి పోవువారిలో పురుషులే యెక్కువ. అయినను ‘ఖఫీల్’, ‘ఖల్లివెల్లి’ యను మాటలు ఇచ్చటి పిల్లలకు సైతము తెలియును: మొదటిది వీసా ఇచ్చి పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకొను యజమాని, రెండవది అతనినుండి పారిపోయి ఏ లెక్కకును రాని బ్రతుకు. అట్టి దేశమైన కువైటే 2015లో 68వ సంఖ్య చట్టము చేసి, ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించని పని, వారమునకొక విశ్రాంతి దినము, జీతముతో వార్షికపు సెలవు విధించినది. అమలు ఎట్లున్నను వ్రాతయైన ఉన్నది. మన దేశమో, ఇంటిపనివారి హక్కులను గూర్చి 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 189వ ఒడంబడికను నేటికిని ధ్రువీకరింపలేదు. పనిచోట లైంగిక వేధింపులను నిషేధించిన 2013 నాటి చట్టము ఇంటిని కూడ పనిచోటుగా పరిగణించినది. అంతకు మించిన సమగ్ర చట్టమును పరిశీలించుటకు సంఘము నేర్పరుపుడని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రము నాదేశించినది.

చట్టము వచ్చువరకు మన యింటి కాగితమే చట్టము. దానిలో సెలవును గూర్చి ఒక్కమాట. హైదరాబాదులో బిడ్డను సాకు స్త్రీకి జక్రాన్‌పల్లిలో తన బిడ్డ యుండవచ్చును. సుమారు నాలుగు గంటల బస్సు ప్రయాణము. ఒక్కనాటి వారపు సెలవు రాకపోకలకే సరిపోవును. ఆమె కోరినచో నాలుగు సెలవులను కూర్చి, నెలకొకమారు జీతము కోయక పంపుడు. 2023 డిసెంబరు నుండి రాష్ట్రములో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సున స్త్రీలకు చార్జీ లేదు; ఆమెకు కావలసినది మీరిచ్చు ఆ నాలుగు దినములే.